రోస్టర్‌లో పేరుంది, జీతాల పట్టీలో లేదు

నమస్కారం. నిర్వాహకులు నాకిచ్చిన అంశం సేవాభావం, నర్సింగ్ వృత్తి. బయట ఫ్లెక్సీ మీద కూడా అదే వేశారు, చూశాను. కానీ సేవ గురించి నర్సింగ్ విద్యార్థులైన మీకు లాంప్ లైటింగ్ రోజున చెప్పారు, ఫ్రెషర్స్ డే రోజున చెప్పారు, రేపు గ్రాడ్యుయేషన్‌కి కూడా ఎవరో ఒక పెద్దాయన వచ్చి గంటసేపు చెబుతాడు. డబ్బు గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అందుకని నేను డబ్బు గురించే, చదువుకుంటూ మీరు వార్డులో చేసే పనికి రావాల్సిన డబ్బు గురించే మాట్లాడతాను, నిర్వాహకులు ఏమీ అనుకోవద్దు. (నవ్వులు)

లాంప్ లైటింగ్ అన్నాను కదా, అక్కణ్ణుంచే వస్తాను. మీరు చేతిలో దీపం పట్టుకుని ఎవరి పేరు మీద ప్రమాణం చేస్తున్నారో ఆ ఫ్లోరెన్స్ నైటింగేల్ 1860లో లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో స్కూలు పెట్టించింది. అందులో చేరిన అమ్మాయిలకు ఉండడానికి చోటు, తిండి, యూనిఫాం అన్నీ ఉచితం, పైగా ఏడాదికి 10 పౌండ్లు చేతికిచ్చేవారు. గొప్ప మొత్తమేం కాదు. కానీ వార్డులో పనిచేస్తూ నేర్చుకునే అమ్మాయికి కొంత డబ్బు ఇవ్వాలి అన్న సంగతి ఆ రోజుల్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. మన దగ్గర కూడా ఆసుపత్రులకు అనుబంధంగా నడిచిన పాత నర్సింగ్ స్కూళ్లలో ఇదే పద్ధతి, హాస్టలు, మెస్సు, చిన్న స్టైపెండు, బదులుగా వార్డు పని. 1946లో ఢిల్లీలో, వేలూరులో బీఎస్సీ నర్సింగ్ మొదలైంది, తర్వాత డిగ్రీ కాలేజీలు పెరిగాయి, ఆ తర్వాత ప్రైవేటు కాలేజీలు వీధికొకటి వచ్చాయి. చదువు స్థాయి పెరిగింది, అది మంచిదే, నేనేమీ పాత రోజులే బాగున్నాయని చెప్పడానికి రాలేదు. కాకపోతే ఆ పెరగడంలో చాలా చోట్ల స్టైపెండు పోయి ఫీజు వచ్చింది, వార్డు పని మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది.

మీలో నైట్ డ్యూటీ చేసినవాళ్లు చేతులెత్తండి. ఆ, దాదాపు అందరూ. ఇప్పుడు ఇంకోటి అడుగుతాను. ఆ రాత్రి మీతోపాటు మీ ట్యూటర్ ఉన్నారా? ఎవరూ ఎత్తట్లేదు. అక్కడ ఎవరో సగం ఎత్తి దించేశారు. (నవ్వులు) ఇక్కడే ఉంది అసలు విషయం. పోస్టింగ్, అంటే మిమ్మల్ని ఆసుపత్రి వార్డుకి పంపడం, నేర్చుకోవడానికి అని కాగితం మీద ఉంటుంది. నేర్పేవాళ్లు పక్కన లేనప్పుడు మీరు అక్కడ చేస్తున్నదేమిటి? తెల్లవారుజామున లేచి వార్డులో ఉన్న మంచాలన్నీ తిరిగి టెంపరేచర్, బీపీ చూసి చార్టుల్లో ఎక్కిస్తున్నారు, ఆరు గంటల ఇంజెక్షన్లకు ట్రాలీ సర్దుతున్నారు, రక్తం శాంపిల్స్ పట్టుకుని ల్యాబుకి పరిగెడుతున్నారు, వార్డ్ బాయ్ కనిపించకపోతే స్ట్రెచర్ మీరే తోస్తున్నారు, ఇన్‌చార్జ్ సిస్టర్ చెబితే ఫార్మసీకి ఇండెంట్ పట్టుకెళ్తున్నారు. ఇందులో బీపీ చూడడం మొదటి యాభై సార్లూ చదువే, ఒప్పుకుంటాను. ఐదువందలోసారి కూడా చదువేనా?

నేను ఎప్పుడూ ఒకే పరీక్ష పెడతాను. రేపు పొద్దున విద్యార్థులెవరూ రాలేదనుకోండి, వార్డు నడుస్తుందా? నడిస్తే మీరు అక్కడ నేర్చుకుంటున్నట్టు. ఇన్‌చార్జ్ సిస్టర్‌కి టెన్షన్ మొదలై ప్రిన్సిపాల్‌కి ఫోన్ చేసిందంటే మీరు అక్కడ పనిచేస్తున్నట్టు. సెమిస్టర్ పరీక్షల సెలవులప్పుడు ఆసుపత్రుల్లో ఏమవుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. డ్యూటీ రోస్టర్‌లో స్టాఫ్ పేర్ల కింద మీ పేర్లు వేసి, ఫలానా షిఫ్టుకి ఇంతమంది అని లెక్కలో కలిపేశారంటే ఇక ఆ గంటలకు డబ్బు ఎందుకివ్వరో ఆసుపత్రే చెప్పాలి, మీరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు.

టీచింగ్ ఆసుపత్రుల్లో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలన్నది దేశంలో నర్సింగ్ చదువుకి నియమాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన కొలత. మీరు పోస్టింగ్ చేస్తున్న వార్డులో ఎంతమందికి ఒకరున్నారో నేను అడగను, అడిగితే మీరు నవ్వుతారు. ఆ ఖాళీలో ఎవరో ఒకరు నిలబడాలి, మీరు నిలబడుతున్నారు. దాంతో పోస్టులు భర్తీ చేయాల్సిన తొందర ఎవరికీ ఉండదు. నాలుగేళ్లు అలా ఖాళీ పూడ్చి, చదువైపోయాక ఉద్యోగానికి వెళ్తే అదే ఆసుపత్రి, మా దగ్గర స్టూడెంట్స్ ఉన్నారమ్మా, ఇప్పుడు వేకెన్సీ లేదు అంటుంది. ఇచ్చినా నెలకు పన్నెండు వేలో పదిహేను వేలో అంటుంది. ప్రైవేటు నర్సుల జీతాల సంగతి చూడమని 2016లో సుప్రీంకోర్టు చెప్పాక కేంద్రం ఒక కమిటీ వేసింది, జగదీశ్ ప్రసాద్ కమిటీ. 50 పడకల కంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నర్సు జీతం నెలకు 20,000కు తగ్గకూడదనీ, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలనీ ఆ కమిటీ చెప్పింది. కేరళలో నర్సులు రోడ్డెక్కి, సమ్మెలు చేసి 2018లో కనీస వేతనాల జీవో తెప్పించుకున్నారు. చాలా రాష్ట్రాల్లో కమిటీ మాట సిఫార్సుగానే ఉండిపోయింది. స్టాఫ్ నర్సుకి తక్కువ జీతం, విద్యార్థికి అసలు జీతం లేకపోవడం, ఇవి రెండు వేరువేరు సమస్యలని నేననుకోను. ఉచితంగా దొరికే చేతులు వార్డులో ఉన్నంతకాలం డబ్బిచ్చి పెట్టుకునే చేతుల రేటు పెరగదు.

సరే, లెక్కలకు వద్దాం. 2021లో వచ్చిన కొత్త సిలబస్ ప్రకారం బీఎస్సీ నర్సింగ్ ఎనిమిది సెమిస్టర్లు. చివరిది ఇంటర్న్‌షిప్. 22 వారాలు, వారానికి 48 గంటలు. అంటే 1,056 గంటలు. అడల్ట్ హెల్త్‌లో 6 వారాలు, కమ్యూనిటీ, చైల్డ్ హెల్త్, మెంటల్ హెల్త్, మిడ్‌వైఫరీ (కానుపుల సేవ) నాలుగేసి వారాలు. వారానికి 48 గంటలంటే ఆరు రోజులు, రోజుకి ఎనిమిది గంటలు. ఇది ఫ్యాక్టరీ కార్మికుడి పని వారం. ఇందులో ఎక్కడా సగం పూట లేదు. పైగా థియరీలో 80 శాతం హాజరు సరిపోతుంది గానీ ప్రాక్టికల్స్‌లో నూటికి నూరు శాతం ఉంటేనే డిగ్రీ. జ్వరమొచ్చి మూడు రోజులు పడుకుంటే ఆ మూడు రోజులూ తర్వాత చేసి తీరాలి. సిక్ లీవు అనే మాట మీకు వర్తించదు. ఉద్యోగికి ఉండే కట్టుబాట్లన్నీ ఉన్నాయి, ఉద్యోగికి ఉండే ఆ ఒక్కటీ తప్ప.

తెలంగాణలో ప్రభుత్వ కాలేజీల వాళ్లకి స్టైపెండ్ ఉంది కదా మేడం అని మీలో కొందరు అనుకుంటున్నారు. ఉంది. 2022లో బాగానే పెంచారు కూడా, అది చెప్పాలి. ఫస్ట్ ఇయర్ 1,500 ఉండేది 5,000 చేశారు, సెకండ్ ఇయర్ 1,700 నుంచి 6,000, థర్డ్ ఇయర్ 1,900 నుంచి 7,000, బీఎస్సీ ఫోర్త్ ఇయర్ 2,200 నుంచి 8,000. ఒక్కసారిగా మూడు రెట్లు దాటింది, అప్పుడు పిల్లలు స్వీట్లు పంచుకున్నారు, పంచుకోవాల్సిందే. ఇప్పుడు ఆ 8,000ని నెలకు 26 పని దినాలతో భాగించండి. ఫోన్లు తీయండి, మొహమాటం వద్దు. ఎంతొచ్చింది? 307 రూపాయల చిల్లర. ఇదే 307 ఇంకెక్కడైనా విన్నారా? 2025-26లో ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఉపాధి హామీ కూలి రేటు రోజుకి 307 రూపాయలు. (హాలులో సందడి) ఉపాధి హామీ పని చిన్నదని నేననట్లేదు, ఎండలో మట్టి మోసేవాళ్లకి 307 చాలా తక్కువ, వాళ్లకి ఇంకా ఇవ్వాలి. నేననేది ఏమిటంటే నాలుగేళ్ల డిగ్రీ ముగించబోతూ, మనిషికి ఐవీ పెట్టి, ఐసీయూలో ఇన్‌టేక్ అవుట్‌పుట్ లెక్కలు రాస్తున్న మనిషికి ప్రభుత్వం కట్టిన ధర కూడా సరిగ్గా అక్కడే ఆగింది. ఇది కాస్త బాగా ఇస్తున్న చోటి లెక్క, గుర్తుంచుకోండి. ప్రైవేటు కాలేజీల్లో చాలామందికి సున్నా.

పక్కనే హౌస్ సర్జన్ ఉంటాడు, ఎంబీబీఎస్ చివర్లో ఇంటర్న్‌షిప్ చేస్తున్నవాడు. అదే వార్డు, అదే రాత్రి. ఆయనకి తెలంగాణ ప్రభుత్వం 2025లో పెంచిన తర్వాత నెలకు 29,792. ఆయనకి తగ్గించమని నేను చచ్చినా అనను, వాళ్లు కూడా ప్రతిసారీ ధర్నా చేస్తే తప్ప పెంచరు. కానీ ఆయన కూడా నేర్చుకునేవాడే కదా. ఇంటర్న్‌షిప్ అయితేగాని ఆయనకి డిగ్రీ రాదు, మీకూ రాదు. ఢిల్లీలో ఒక మెడికల్ కాలేజీ, ఆర్మీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్, ఇంటర్న్‌లకి స్టైపెండ్ ఇవ్వకపోతే 2023లో సుప్రీంకోర్టు నెలకు 25,000 చొప్పున ఇవ్వమని ఆదేశించింది. డాక్టర్ ఇంటర్న్‌కి డబ్బివ్వకపోవడం కోర్టు దాకా వెళ్లాల్సినంత అన్యాయంగా కనిపించింది. నర్సు ఇంటర్న్‌కి ఇవ్వకపోతే అది కాలేజీ వ్యవహారం. ఎందుకలాగ? వార్డులో ఆడపిల్లలు చేసే పని పనిలా కనిపించదు, అమ్మ చేసే ఇంటిపనిలాగా. ఈ మధ్య అబ్బాయిలు కూడా చేరుతున్నారు, పాపం వాళ్లకీ అదే లెక్క వర్తింపజేస్తున్నారు. (నవ్వులు)

నేర్చుకునేవాళ్లకి జీతమేమిటి అంటారు పెద్దలు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు 1961 నాటి అప్రెంటిసెస్ యాక్ట్ గుర్తొస్తుంది. ఐటీఐ చదివిన అబ్బాయి ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా చేరతాడు. ఆ చట్టంలో 18వ సెక్షన్ ఏమంటుందంటే అప్రెంటిస్ అనేవాడు శిక్షణ పొందుతున్నవాడు, కార్మికుడు కాడు. అక్కడితో ఆగిపోయి ఉంటే మన పెద్దలకి చాలా బాగుండేది. కానీ అదే చట్టంలో 13వ సెక్షన్, ఆ అప్రెంటిస్‌కి యజమాని స్టైపెండ్ ఇచ్చి తీరాలి, నిర్ణయించిన కనీస రేటుకి తగ్గకూడదు అంటుంది. 2019 రూల్స్‌లో డిప్లొమా వాళ్లకి నెలకు 8,000, డిగ్రీ వాళ్లకి 9,000 కనీసం అని పెట్టారు. అంటే మన దేశపు చట్టమే అరవై ఏళ్లకు పైగా చెబుతోంది, ఒక మనిషి నేర్చుకుంటూ ఉండొచ్చు, కార్మికుడు కాకపోవచ్చు, అయినా డబ్బివ్వాలి అని. లేత్ మెషీన్ దగ్గర నిలబడ్డవాడికి ఇది ఒప్పుకున్నారు. మీ పోస్టింగులు ఈ చట్టం కింద నడవట్లేదు, అది నాకు తెలుసు, అందుకే కేసు వేసేయండి అని చెప్పట్లేదు. కానీ ఈసారి ఎవరైనా మీరు స్టూడెంట్సే కదా అంటే, ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కన పెట్టి చూపించండి.

ఇప్పుడు ప్రైవేటు కాలేజీ సంగతి. సొంత ఆసుపత్రి చాలని కాలేజీలు వేరే ఆసుపత్రికి పిల్లల్ని పంపుతాయి. పంపినందుకు ఆ ఆసుపత్రికి తలకింత అని క్లినికల్ ఫీజు కడతాయి. కాలేజీ ఎక్కణ్ణుంచి కడుతుంది? మీ దగ్గర వసూలు చేసి. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చేవాళ్లకి కూడా చాలా చోట్ల ఇది విడిగానే ఉంటుంది. అంటే మీరు డబ్బు కట్టి వెళ్లి వాళ్ల వార్డులో పనిచేసి వస్తున్నారు. బస్సు చార్జీ మీది, ఆసుపత్రి దూరమైతే రూము అద్దె మీది, టిఫిన్ మీది, బూట్లు మీవి. నేను ట్యూటర్‌గా ఉన్న ఒక చోట పిల్లలు కాలేజీ బస్సు దిగగానే ఆసుపత్రి క్యాంటీన్ ముందు నుంచి గబగబా వెళ్లిపోయేవారు, ఎందుకో నాకు చాలా రోజులు అర్థం కాలేదు, తర్వాత తెలిసింది, అక్కడి ఇడ్లీ రేటు వాళ్లకి అందదు. డ్యూటీ మధ్యలో కళ్లు తిరిగి పడిపోతే మాత్రం, పొద్దున తినకుండా ఎందుకొచ్చావు అని కేకలేసేవాళ్లం. నేనూ వేశాను.

ఇంకొకటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. సూది గుచ్చుకుంటే? హెచ్ఐవీ ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే 72 గంటల్లోపు మందు మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది, ఇది మీరే పరీక్షలో రాస్తారు. స్టాఫ్‌కైతే ఇన్సిడెంట్ రిపోర్ట్ అంటూ ఒక దారి ఉంటుంది. మీకైతే, ఎందుకు జాగ్రత్తగా లేవు అన్న ప్రశ్న ముందు వస్తుంది. హెపటైటిస్ బి టీకా డబ్బులు కూడా కొన్ని చోట్ల పిల్లలే పెట్టుకుంటున్నారు. జీతం అడిగేటప్పుడు దీన్ని మర్చిపోకండి, బహుశా దీన్నే ముందు అడగాలి.

బయటి దేశాల్లో ఏం చేస్తున్నారో కాస్త చెబుతాను, ఎందుకంటే మీలో సగం మంది విదేశాలకి వెళ్లడానికి రాసే ఇంగ్లీషు పరీక్ష, ఐఈఎల్‌టీఎస్, పుస్తకాలు ఇప్పటికే కొనుక్కుని ఉంటారు. అక్కడంతా స్వర్గమని అనుకోకండి. ఐర్లండ్ చూడండి. అక్కడ నర్సింగ్ నాలుగేళ్ల డిగ్రీ, చివర్లో 36 వారాల ఇంటర్న్‌షిప్‌కి జీతముంటుంది, ముందు సంవత్సరాల పోస్టింగులకు జీతం లేదు. 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు విద్యార్థుల్ని హెల్త్‌కేర్ అసిస్టెంట్, అంటే నర్సులకి సాయపడే సిబ్బంది, రేటుకి జీతమిచ్చి పనిలో పెట్టుకున్నారు. కొన్ని నెలలకి ఆపేశారు. పిల్లలు మాత్రం వార్డుల్లోనే ఉన్నారు, కోవిడ్ కూడా ఉంది. గొడవైంది. 2020 డిసెంబరులో వాళ్ల పార్లమెంటులో ప్రతిపక్షాలు విద్యార్థి నర్సులకూ మిడ్‌వైఫ్‌లకూ జీతమివ్వాలని తీర్మానం పెడితే 77 ఓట్లకు 72 ఓట్లతో ఓడిపోయింది. ఐదు ఓట్లు! ప్రభుత్వం ఏమందంటే, జీతమిస్తే మళ్లీ పాత అప్రెంటిస్ పద్ధతికి వెళ్లిపోతాం, డిగ్రీ విలువ పోతుంది అని. ఓడిపోయారు కదా అని వాళ్లు ఊరుకోలేదు. ఆ తర్వాత నెలలోనే వారానికి 100 యూరోల గ్రాంటు వచ్చింది, ఇంకో సమీక్ష జరిగింది, 2022 చివరికి ఇంటర్న్ జీతం కొత్త స్టాఫ్ నర్సు జీతంలో 80 శాతంగా చేశారు, మిగతా సంవత్సరాల వాళ్లకి ప్రయాణానికి, బసకి భత్యాలు పెంచారు. ఓటింగ్‌లో ఓడిపోయిన రెండేళ్లకి వచ్చిందది.

ఆస్ట్రేలియాలో దీనికి ప్లేస్‌మెంట్ పావర్టీ అని పేరే పెట్టారు, పోస్టింగ్ వల్ల వచ్చే పేదరికం. నర్సింగ్ విద్యార్థి రిజిస్ట్రేషన్‌కి కనీసం 800 గంటల పోస్టింగ్ చేయాలి, ఆ వారాల్లో కేఫ్‌లోనో షాపులోనో చేసే పార్ట్‌టైమ్ మానుకోవాలి, అద్దె మాత్రం ఆగదు. అక్కడి ప్రభుత్వం 2024 బడ్జెట్‌లో వారానికి 319.50 డాలర్లు ప్రకటించి, 2025 జూలై 1 నుంచి 331.65 డాలర్లుగా అమలు చేసింది. నర్సింగ్, మిడ్‌వైఫరీ, టీచింగ్, సోషల్ వర్క్ విద్యార్థులకి. వినడానికి బాగుంది. 40 గంటలతో భాగిస్తే గంటకి 8 డాలర్ల చిల్లర, అక్కడ కనీస వేతనం 2025 జూలైలో గంటకి 24.95 డాలర్లు. పైగా ఆదాయ పరిమితులున్నాయి. ఇంకా ముఖ్యమైంది, ఇది అక్కడి పిల్లలకే. విజయవాడ నుంచో వరంగల్ నుంచో స్టూడెంట్ వీసా మీద వెళ్లిన అమ్మాయికి రాదు. ఇంటి మీద లోను తీసుకుని వెళ్లే ముందు ఇది తెలుసుకుని వెళ్లండి. ఇంగ్లండ్ కథ వెనక్కి నడిచింది, 2017లో బర్సరీ, అంటే తిరిగి కట్టక్కర్లేని ప్రభుత్వ సాయం, తీసేసి విద్యార్థుల్ని అప్పుల్లోకి నెట్టారు, 2020లో ఏడాదికి 5,000 పౌండ్ల గ్రాంటు తెచ్చారు. అక్కడ 2,300 గంటలు ప్రాక్టీసు చేస్తేగాని నర్సు కాలేరు. చెప్పేదేమిటంటే ప్రతి దేశంలోనూ ప్రభుత్వం ముందు లేదంది. డబ్బొచ్చిన చోట పిల్లలు అడిగితేనే వచ్చింది.

కోవిడ్ అంటే గుర్తొచ్చింది. మన దగ్గర 2021 మే నెలలో కేంద్రం ఫైనల్ ఇయర్ నర్సింగ్ విద్యార్థుల్ని కూడా పర్యవేక్షణలో కోవిడ్ డ్యూటీలకు వాడుకోవచ్చంది, 100 రోజులు చేసినవాళ్లకి ప్రభుత్వ ఉద్యోగాల్లో ప్రాధాన్యం అంది. అప్పుడు మీరు పరీక్ష రాయని పిల్లలని ఎవరికీ గుర్తు రాలేదు. అవసరం వచ్చినప్పుడు నర్సులు, జీతమడిగితే స్టూడెంట్లు.

మిడ్‌వైఫరీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, నేను ఎక్కువ కాలం ఉన్నది లేబర్ రూమ్‌లోనే. అక్కడ సమస్య వేరు. వార్డులో పని ఎక్కువ, లేబర్ రూమ్‌లో పోటీ ఎక్కువ. మూడు కాలేజీల పిల్లలు లాగ్‌బుక్కులు, అంటే చేసిన కానుపు కేసులు రాసి సంతకం పెట్టించుకునే పుస్తకాలు, పట్టుకుని ఒకే తల్లి చుట్టూ నిలబడతారు, కేసు ఎవరిది, సంతకం ఎవరికి అని. ఆ తల్లికి ఎలా ఉంటుందో ఆలోచించండి. కేసు కోసం రాత్రంతా కూర్చుంటారు, నొప్పులు పడుతున్నామె నడుము రుద్దుతారు, నీళ్లు తాగిస్తారు, అరగంటకోసారి బిడ్డ గుండె చప్పుడు వింటారు, తీరా కానుపు టైముకి ఎవరో వచ్చి పక్కకి జరగమంటారు. ఆ రాత్రంతా మీరు చేసిందే మిడ్‌వైఫరీ, లాగ్‌బుక్‌లో దానికి గడి లేదు. 2017లో కరీంనగర్‌లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఆసుపత్రి వాళ్లతో, యూనిసెఫ్‌తో కలిసి 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది, మొదటి బ్యాచ్ 30 మంది. దేశమంతటికీ మార్గదర్శకాలు వచ్చింది ఆ మరుసటి ఏడాది. ఆ శిక్షణకి తీసుకున్నది ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న నర్సుల్ని. అంటే నేర్చుకుంటున్నన్నాళ్లూ వాళ్లు ఉద్యోగులే. తిండికీ అద్దెకీ వెతుక్కోకుండా కానుపు దగ్గర ఓపికగా కూర్చోగలిగారు. అలా నేర్పితే మంచి మిడ్‌వైఫ్‌లు తయారవుతారని ప్రభుత్వానికి తెలుసన్నమాట.

మరి నేనేం అడుగుతున్నాను? ఫస్ట్ ఇయర్ పిల్లకి జీతం అడగను. ఈ మాట మీలో కొందరికి నచ్చదు, నాకు తెలుసు. జీతమిచ్చిన రోజున ఆసుపత్రి ఆ పిల్లని నిజంగానే పనిలోకి లాగేస్తుంది, క్లాసుకి పంపదు, తప్పు జరిగితే జీతం తీసుకుంటున్నావు కదా అంటుంది. ఐర్లండ్ ప్రభుత్వం చెప్పిన అభ్యంతరంలో ఆ మాత్రం నిజముంది. మొదటి మూడేళ్లూ మీ పేరు స్టాఫ్ లెక్కలో ఉండకూడదు, పక్కన నేర్పేవాళ్లుండాలి, బస్సుకి, తిండికి, టీకాకి డబ్బు కాలేజీయో ఆసుపత్రో పెట్టాలి, క్లినికల్ ఫీజు మీ నెత్తిన వేయకూడదు. ఇంటర్న్‌షిప్ మాత్రం వేరు. వారానికి 48 గంటలు డ్యూటీ చేయించుకుంటూ చదువు అని చెప్పడం కుదరదు. తెలంగాణలో స్టాఫ్ నర్సు స్కేలు 36,750 దగ్గర మొదలవుతుంది. అందులో సగం ఇచ్చినా 18,000 దాటుతుంది. ప్రభుత్వ కాలేజీ, ప్రైవేటు కాలేజీ అని తేడా లేకుండా ఎవరి వార్డులో డ్యూటీ చేస్తే వాళ్లే ఇవ్వాలి. స్కేలుకి ముడిపెట్టమని ఎందుకంటున్నానంటే, 8,000 అని అంకె వేసి వదిలేస్తే ఇంకో పదేళ్లు అక్కడే ఉంటుంది, స్కేలు పెరిగినప్పుడల్లా అది కూడా పెరిగితే మీ తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ ధర్నా చేయక్కర్లేదు.

ఇలా చేస్తే ఆసుపత్రులు విద్యార్థుల్ని తీసుకోవడం మానేస్తాయి అంటారు. కొన్ని మానేస్తాయేమో. పనికి తప్ప నేర్పడానికి ఇష్టం లేని ఆసుపత్రి మానేస్తే నాకు పెద్ద బాధ లేదు. కాలేజీలు ఫీజులు పెంచుతాయి అంటారు, అది నిజమైన భయం, అందుకే డబ్బు ఆసుపత్రి ఇవ్వాలి, కాలేజీ చేతి మీదుగా రాకూడదు, నేరుగా మీ బ్యాంకు ఖాతాలో పడాలి. మధ్యలో ఎన్ని చేతులుంటే అంత కరుగుతుంది. ఇదంతా అడగడానికి ఇప్పుడు సమయం కూడా ఉంది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కొత్త చట్టానికి కొత్త నిబంధనలు రాయాలి. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ ఎంత, ఎవరివ్వాలి, ఇవ్వకపోతే ఏమిటి అన్నది ఆ నిబంధనల్లో ఉండాలి. రాయడం అయిపోయాక అడిగితే ఇంకో తరం ఆగాలి.

ఆ వెనకాల అమ్మాయి చాలాసేపటి నుంచి చెయ్యెత్తుతోంది, మైకు ఇవ్వండి.

(ప్రశ్న: మేడం, అడిగితే ఇంటర్నల్ మార్కులు కట్ చేస్తారు, మా సీనియర్స్‌కి అలాగే చేశారు.)

చేస్తారమ్మా. చేయరని నేను చెబితే నువ్వు నమ్మవు. అందుకే ఒక్కదానివే వెళ్లకు. బ్యాచ్ మొత్తం సంతకాలు పెట్టి, తల్లిదండ్రుల్లో ఓ ఇద్దరు ముగ్గుర్ని వెంటబెట్టుకుని వెళ్లండి. స్టూడెంట్ నర్సెస్ అసోసియేషన్ అని మీకొకటి ఉంది, 1929 నుంచి ఉంది, మనం దాన్ని రంగోలీ పోటీలకీ డాన్సులకీ వాడుకుంటున్నాం. (నవ్వులు) ఆ మీటింగులో ఒక్కసారి స్టైపెండ్ మీద తీర్మానం పెట్టి, మినిట్స్‌లో రాయించండి. ఇంకోటి, ఈ రోజు నుంచి ప్రతి ఒక్కరూ చిన్న డైరీ పెట్టుకోండి. ఏ వార్డు, ఎన్నింటికి వెళ్లారు, ఎన్నింటికి వదిలారు, ట్యూటర్ ఉన్నారా లేదా, ఆ షిఫ్టులో స్టాఫ్ ఎంతమంది, విద్యార్థులు ఎంతమంది. రోగుల పేర్లు రాయకూడదు. రోస్టర్ గోడ మీద అంటిస్తారు కదా, నెలకోసారి ఫొటో తీసి దాచండి. మీరు స్టాఫ్ లెక్కలో ఉన్నారో లేదో ఆ కాగితమే చెబుతుంది.

పోస్టింగ్ ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే ఆర్టీఐ ఉండనే ఉంది, 10 రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబివ్వాలి. మూడే ప్రశ్నలు అడగండి. ఈ ఆసుపత్రికి మంజూరైన స్టాఫ్ నర్సు పోస్టులెన్ని, వాటిలో ఖాళీలెన్ని? ఏ కాలేజీ నుంచి విద్యార్థికి ఎంత చొప్పున క్లినికల్ ఫీజు తీసుకున్నారు? ఆ డబ్బు దేనికి ఖర్చు పెట్టారు? దరఖాస్తు మీరే పెట్టక్కర్లేదు, మార్కుల భయముంటే మీ నాన్న పేరు మీదో, పాసై వెళ్లిపోయిన సీనియర్ పేరు మీదో పెట్టించండి, దేశ పౌరులెవరైనా అడగొచ్చు. జవాబు వచ్చాక నాకు వాట్సాప్ చేయండి, లెక్క కట్టడంలో సాయం చేస్తాను. ఇంకెవరు? ఆ బాబుకి ఇవ్వండి మైకు.